తీరము ఎవరిది? త్రోవ ఎవరిది?



ప్రతి సంవత్సరము కార్తిక పౌర్ణమి నాడు మన దేశములోని హిందువులు వేకువనే లేచి గంగాస్నానమునకు సముద్రతీరమునకు బయలుదేరుదురు. బెల్ మార్, బ్లూ బే, ఆల్బియోన్, తామరిన్, మోం చువాజీ తీరములు ఆ దినమున తిరునాళ్లవలె కనబడును. పల్లెలనుండి బస్సులు వచ్చును. అమ్మమ్మలు మనుమల చేయి పట్టుకొని నీటిలోనికి దిగుదురు. అరటి ఆకుమీద కర్పూరము వెలిగించి అలలకు సమర్పింతురు. ఈ ద్వీపమునకు గంగానది లేదు, గోదావరి లేదు. మన పెద్దలు సముద్రమునే గంగగా, గోదావరిగా భావించి స్నానము చేసినారు. దానిని ఎవరిని అడుగవలెనన్న ఆలోచన వారికి రాలేదు. సముద్రము అందరిది కదా అని వారి విశ్వాసము.

ఆ విశ్వాసము నిజమేనా? నిజమైనచో దానిని ఎట్లు నిలుపుకొనవలెను? ఈ చిన్న వ్యాసములో నేను ఆలోచింపదలచిన విషయము ఇదియే. మారిషస్ చట్టము ప్రకారము సముద్రపుటొడ్డు ప్రజలందరిది. ఈ మాట బడిపిల్లలకు కూడ తెలియును. కాని ఒడ్డునకు పోవు దారి ఎవరిది? ఒడ్డునకు వెనుక బంగళా ఉన్నది. బంగళాకు ప్రక్కన హోటలు ఉన్నది. హోటలుకు ప్రక్కన మరియొక ప్రహరీగోడ ఉన్నది. ఇసుక నాదే, నీరు నాదే, కాని రెండు మైళ్లు నడిచినను లోనికి పోవు సందు కనబడనిచో ఆ ఇసుక నాది అని చెప్పుటలో అర్థమేమి? ఇది న్యాయవాదులు మాత్రమే చర్చించుకొనవలసిన ప్రశ్న కాదు. ఇది ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. కనుక మన ఆలయ సంచికలో దీనిని ప్రస్తావించుట అనుచితము కాదని తలచుచున్నాను.

మొదట ఒక మాటను గమనింతము. మనము పవిత్రస్థలమును తీర్థము అందుము. ఆ సంస్కృతపదమునకు మూలమైన ధాతువునకు దాటుట అని అర్థము. నదిని దాటుటకు, నీటిలోనికి దిగుటకు అనువైన చోటునకు తీర్థమని పేరు. తెలుగులో దానినే రేవు అందుము. అనగా నీరు ఉన్నంత మాత్రమున తీర్థము కాలేదు. మానవుడు దిగుటకు త్రోవ ఉన్నప్పుడే అది తీర్థమైనది. నాలుగు ప్రక్కల గోడ కట్టిన నీరు ఎంత నిర్మలమైనను తీర్థము కానేరదు. కాశీలో గంగకు మెట్లు కట్టించిన రాజులను, రాణులను మనము పుణ్యాత్ములని తలచుచున్నాము. వారు నీటిని సృష్టింపలేదు. నీటికి దారి మాత్రమే చూపినారు. అది చాలినది.

మన చరిత్రలో కూడ మొదటి స్థలము ఒక రేవే. పోర్ట్ లూయీలోని ఆప్రవాసి ఘాట్ మెట్లమీదుగా మన పూర్వులు ఈ భూమిమీద అడుగుపెట్టినారు. 1834 మొదలుకొని 1920 వరకు దాదాపు ఐదు లక్షలమంది కూలీలు ఈ ద్వీపమునకు కొనిరాబడినారు. 1849లో స్థాపింపబడిన ఆ వలస కార్యాలయమును 2006లో యునెస్కో సంస్థ ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. కోరంగి, విశాఖపట్టణము, గంజాము రేవులనుండి వచ్చిన తెలుగువారు అందులో ఉన్నారు. కోరంగి రేవు పేరుమీదుగానే మనలను ఇక్కడివారు కోరంగీలు అని పిలిచినారు. రేవునుండి బయలుదేరి, రేవులో దిగి, రేవు పేరుతోనే పిలువబడిన జాతి మనది. రేవు అందరికి తెరచియుండవలెనా, లేదా అను ప్రశ్న మనకు పరాయి ప్రశ్న కాదు.

అంతేకాదు, త్రోవ మూయబడుట అనగా ఏమో మన పూర్వులకు బాగుగా తెలియును. 1867లో వచ్చిన శ్రామిక చట్టము ప్రకారము, అయిదేండ్ల ఒప్పందము పూర్తిచేసికొని స్వతంత్రుడైన పాత కూలీ కూడ తన ఫోటో అతికించిన చీటీని, పోలీసు పాసును వెంట ఉంచుకొనవలసివచ్చెను. అవి లేకుండ తన జిల్లా దాటి పోయినచో దేశదిమ్మరి అని పట్టుకొని నిర్బంధింపవచ్చును. బంధువుల పెండ్లికి పోవలెనన్నను, పొరుగు ఊరిలో పని వెదకికొనవలెనన్నను దారిలో భయము. 1871లో అడోల్ఫ్ ద ప్లెవిజ్ అనునతని సహాయముతో 9,401 మంది పాత కూలీలు గవర్నరుగారికి విన్నపము సమర్పించినారు. దాని ఫలితముగా 1872లో రాజ విచారణ సంఘము నియమింపబడినది. ఆ విన్నపములో చేరినవారు కోరినది గొప్ప ఆస్తిని కాదు. దొంగవలె చూడబడకుండ బాటమీద నడచు గౌరవమును కోరినారు. త్రోవ హక్కు చిన్న హక్కు అని ఎవరైన అన్నచో వారికి ఈ చరిత్రను చెప్పవలెను.

ఇక చట్టమును గూర్చి కొంచెము చెప్పుదును. మనలో చాలమందికి పూర్తిగా తెలియని విషయము ఇందులో ఒకటి కలదు. ఫ్రెంచివారి కాలమునుండియు ఈ ద్వీపము చుట్టును సముద్రపుటొడ్డు వెంబడి ఒక భూమిపట్టీని రాజ్యము తన వశములో ఉంచుకొన్నది. దానిని పా జియోమెత్రిక్ అందురు. ఏబది అంగల వెడల్పు అని దాని మూలార్థము. ద్వీపమును శత్రువులనుండి కాపాడుటకు తీరమున ఫిరంగి స్థావరములు అవసరమై యుండెను. అందుకే ఆ భూమిని ఇతరులకు ఈయరాదని నియమము పెట్టినారు. 1807లో జనరల్ దెకాన్ ఆజ్ఞతో ఆ నియమము స్పష్టమైనది. 1810లో ఆంగ్లేయులు ద్వీపమును జయించిన పిదప కూడ పాత చట్టములు నిలిచినవి. 1895 నాటి చట్టము ఆ పట్టీ ప్రజల ఆస్తి యనియు, అమ్మరానిదనియు, ఎంత కాలము అనుభవించినను అది ఒకరి సొంతము కానేరదనియు చెప్పినది. పెద్ద పోటు నీరు చేరు హద్దునుండి లెక్కించినచో దాని వెడల్పు 81 మీటర్ల 21 సెంటీమీటర్లకు తక్కువ కారాదు. పోటు హద్దునకు దిగువనున్న ఇసుకను గూర్చి చెప్పనక్కరయే లేదు. ఫ్రెంచి పౌరస్మృతి సముద్రపుటొడ్డును రాజమార్గములతోను, నౌకాయానమునకు తగిన నదులతోను కలిపి ప్రజల ఆస్తిగా చెప్పినది. ఆ స్మృతి 1808లోనే మన ద్వీపమునకు వచ్చినది.

దీనివలన తేలునదేమి? మనము సొంత భూమి, ప్రైవేటు స్థలము అని భయపడి తప్పించుకొని పోవుచున్న తీరభూమిలో ఎక్కువ భాగము సొంత భూమి కాదు. అది ప్రభుత్వము కౌలునకు ఇచ్చిన ప్రజల భూమి. కాంప్‌మాన్ అని మనము పిలుచు బంగళాలు, పెద్ద పెద్ద హోటళ్లు ఆ కౌలు భూమిమీదనే ఎక్కువగా కట్టబడినవి. కౌలుదారునకు తన ఇంటిమీద, తోటమీద హక్కు కలదు. అతడు సుంకము చెల్లించుచున్నాడు. కాని తన ముందున్న ఇసుకమీద అతనికి మనకంటె ఒక వీసమెత్తు హక్కు ఎక్కువ లేదు.

అయినప్పుడు వివాదము ఎక్కడ పుట్టుచున్నది? మూడు చోట్ల పుట్టుచున్నది. మొదటిది త్రోవ లేకపోవుట. బంగళాల మధ్య సందు విడువవలసియుండగా విడువరు. లేక విడిచిన సందులో మొక్కలు పెంచి, గేటు పెట్టి, కొన్ని సంవత్సరములకు అక్కడ దారి ఉండెనని ఎవరికి జ్ఞాపకము లేకుండ చేయుదురు. రెండవది ఒడ్డును ఆక్రమించుట. పడక కుర్చీలు, గొడుగులు నీటి అంచువరకు పరచి, త్రాడు కట్టి, బల్లపలక వ్రేలాడదీయుదురు. చట్టము పొమ్మనదు, కాని పొమ్మను చూపు ఒకటి కలదు. పేదవాడు ఆ చూపునకే వెనుదిరుగును. మూడవది సముద్రమే ముందునకు వచ్చుట. మన తీరములు అనేక చోట్ల కోసుకొనిపోవుచున్నవి. తన తోటను కాపాడుకొనుటకు ఒకడు రాతిగోడ కట్టును. అల ఆ గోడను కొట్టి, ముందున్న ఇసుకను లాగుకొనిపోవును. తోట మిగులును, ఒడ్డు పోవును. పోటు వేళ గోడకును నీటికిని మధ్య పిల్లవాడు నడచుటకు కూడ చోటు ఉండదు. ప్రజల హక్కును ఎవరును రద్దు చేయలేదు. అది నీటిలో మునిగిపోయినది, అంతే.

ఇవి కాక నాలుగవది కూడ ఒకటి కలదు. ప్రజల తీరమని ప్రకటింపబడిన చోటును ఆ ప్రకటననుండి తొలగించుట. దక్షిణతీరములోని పొంపొనెత్ విషయములో 2010 దశకమున ఇదియే జరిగినది. సరుగుడు చెట్ల క్రింద ఆదివారము వంటచేసికొను కుటుంబముల చోటులో హోటలు రావలెనని నిర్ణయమైనప్పుడు, మా తీరమును దొంగిలింపకుడు అను అర్థముగల క్రియోల్ పేరుతో పౌరులు సంఘముగా ఏర్పడి ఎదిరించినారు. అందులో అన్ని మతములవారు, అన్ని జాతులవారు ఉన్నారు. మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. తీరము ప్రకృతిచే ఇవ్వబడినను, ప్రజలతీరము అను పేరు కాగితముమీద ఇవ్వబడుచున్నది. కాగితముమీద ఇచ్చినదానిని కాగితముతోనే తీసికొనవచ్చును. కనుక మెలకువగా ఉండవలసిన భారము ప్రజలదే.

కొన్ని సంవత్సరముల క్రిందట తూర్పుతీరమునకు నా తరగతి పిల్లలను విహారమునకు తీసికొనిపోయితిని. తడి ఇసుకమీద గవ్వలు ఏరుచు నడచుచుండగా ఒక హోటలు కావలివాడు వచ్చి, ఇక్కడినుండి వెనుకకు పోవలెనని చెప్పినాడు. అతడు ఇరువదియైదేండ్ల యువకుడు. మాటను బట్టి మనవంటి చెరకుతోట గ్రామమునుండి వచ్చినవాడే. ఒక బాలిక నన్ను చూచి, “గురువుగారూ, సముద్రమును కూడ అద్దెకు ఇచ్చినారా?” అని అడిగినది. ఆ ప్రశ్నకు ఆ యువకుడు తలవంచుకొన్నాడు. తడి ఇసుక ఎవరికి కౌలునకు ఈయబడలేదని నేను మెల్లగా చెప్పితిని. అతడు అటునిటు చూచి, తన పై అధికారి చూచినచో ఉద్యోగమునకు ముప్పు అని చెప్పి, పిల్లల ప్రక్కనే నడచి హోటలు హద్దు దాటువరకు వచ్చి దిగబెట్టినాడు. తన తల్లిని కార్తిక స్నానమునకు ఎక్కడికి తీసికొనిపోవునో అతనిని అడుగవలెననిపించినది. అడుగలేదు. వివాదము ధనవంతునికిని పేదవానికిని మధ్య అని మనము అనుకొందుము. కాని ఆ గీతమీద నిలువబడి ఎండలో కావలి కాయువాడు మన బిడ్డయే.

కావున రెండవ పక్షమును కూడ న్యాయముగా వినవలెను. హోటళ్లు మన పిల్లలకు పని ఇచ్చుచున్నవి. చెరకు ఒక్కటే ఆధారమైన కాలములో మన తాతలు పడిన కష్టము మనకు తెలియును. విదేశములనుండి వచ్చిన అతిథి ప్రశాంతతను కోరుట తప్పు కాదు. బంగళాలో నివసించువాడు రాత్రివేళ కిటికీ క్రింద డప్పులు, పాటలు వినలేననుట తప్పు కాదు. సోమవారము ఉదయము తీరమును చూచినవారికి మన విహారముల సంగతి తెలియును. సీసాలు, ప్లాస్టిక్ సంచులు, తినివేసిన బిర్యానీ పొట్లములు. “త్రోవ ఇచ్చితిమి, చెత్త వచ్చినది” అని వారు అన్నచో మనము ఏమి సమాధానము చెప్పగలము? ఆస్తి కూడ ధర్మమే. ఒకడు కష్టపడి సంపాదించిన ఇంటిలో నిర్భయముగా నిద్రించు హక్కు చిన్నది కాదు. ఆ హక్కు విలువ మనకు తెలియకపోలేదు. 19వ శతాబ్ది చివర చెరకుతోటల యజమానులు భూములను ముక్కలు చేసి అమ్మినప్పుడు, మన పూర్వులు పైసా పైసా కూడబెట్టి, భార్య నగలు అమ్మి, ఆ ముక్కలను కొన్నారు. భూమి అనగా అవమానమునుండి విముక్తి అని వారికి తోచినది. ఆ వంశములో పుట్టినవారము ఆస్తిని తేలికగా మాట్లాడరాదు.

అయినను ఆస్తికి మూలమేమి అని ఆలోచింపవలెను. శ్రమయే మూలమందురు కొందరు. ఎవడు చెమటోడ్చునో వాడిదే ఫలము. మంచి మాట. కాని తీరపు ఇసుకలో ఎవరి చెమట ఉన్నది? మన ఇసుక చాలవరకు పగడపు దిబ్బలనుండి పుట్టినది. వేల సంవత్సరములు చిన్న చిన్న జీవులు చచ్చి, అలలచే నలిగి, తెల్లని పొడియై ఒడ్డునకు చేరినవి. ఏ హోటలు యజమానియు దానిని చేయలేదు, ఏ ప్రభుత్వమును చేయలేదు. ఒకప్పుడు ఆ ఇసుకనే తవ్వి ఇండ్లు కట్టుచుంటిమి. 2001లో సముద్రపు ఇసుక తవ్వుట నిషేధింపబడినది. అప్పుడు ఇసుక పనితో బ్రదుకు కుటుంబములు తమ జీవనమును మార్చుకొనవలసివచ్చినవి. తీరము అందరిది కనుక అందరికొరకు మీరు త్యాగము చేయుడని బీదవారికి చెప్పితిమి. అదే మాట గోడ కట్టినవారికి చెప్పరాదా?

శ్రమయే హక్కునకు ఏకైక మూలమైనచో మరియొక చిక్కు వచ్చును. చెరకుపొలములలో నల్లరాళ్ల గుట్టలు గోపురములవలె నిలిచియున్నవి. ఆ రాళ్లను చేతులతో ఏరి కుప్పవేసినవారు ఎవరు? మన పూర్వులు, వారికి ముందు బానిసలుగా ఉన్నవారు. శ్రమనే చూచినచో ఆ పొలములు ఎవరివి కావలెను? అయినను మనము ఆ పొలములలో ప్రవేశించి ఇవి మావి అనుట లేదు. చట్టమును, పత్రమును గౌరవించుచున్నాము. దీనినిబట్టి ఆస్తి అనునది శ్రమఫలము మాత్రమే కాదని, అది సంఘములోని మనుష్యులు ఒకరికొకరు ఇచ్చుకొన్న మాట అని తెలియుచున్నది. భూమి లేనివాడు “నీ కంచెను నేను దాటను” అని మాట ఇచ్చుచున్నాడు. ఆ మాటవలననే యజమాని నిశ్చింతగా నిద్రించుచున్నాడు. మరి యజమాని బదులుగా ఇచ్చు మాట ఏది? “నా కంచెతో నాది కానిదానిని మూయను” అనుటయే ఆ మాట. ఒక ప్రక్క మాటయే నిలిచి, రెండవ ప్రక్క మాట తప్పినచో అది ఒప్పందము కాదు, లొంగుబాటు అగును.

తన భూమి ప్రజలకును సముద్రమునకును మధ్య ఉన్నవాని స్థితి విచిత్రమైనది. తన ఎకరమునకు మాత్రమే అతడు ధర చెల్లించినాడు. కాని గేటు మూసినంతనే ధర చెల్లించని తీరము కూడ అతని వశమగును. కొనని వస్తువును కాపలాతో సంపాదించుట ఏ ధర్మము? పౌరస్మృతిలోనే దీనికి ఒక పోలిక కలదు. ఇతరుల పొలముల మధ్య చిక్కుకొని బాటకు దారి లేని పొలము ఉన్నచో, దాని యజమాని తగిన నష్టపరిహారము ఇచ్చి పొరుగువాని భూమిగుండ దారిని కోరవచ్చును. పొరుగువాడు ఒల్లననరాదు. తక్కువ నష్టము కలుగు చోట దారి నిర్ణయింపబడును. ఒక్కని పొలమునకు ఇంత న్యాయము చేసిన స్మృతియే మనది. పన్నెండు లక్షలకు పైబడిన ప్రజల ఆస్తియైన తీరము చుట్టును మూయబడి యున్నప్పుడు, అదే న్యాయము అంతకంటె బలముగా వర్తింపవలదా? పరిహారము ఈయవలసిన చోట ఈయవచ్చును. దారి ఎక్కడ ఉండవలెనో మర్యాదగా మాట్లాడుకొనవచ్చును. దారి ఉండవలెనా అను ప్రశ్నకు మాత్రము ఒక్కటే సమాధానము.

ఇతర దేశములలో కూడ ఈ ప్రశ్న వచ్చినది. దక్షిణాఫ్రికాలో 1860 మొదలుకొని నాటాలునకు పోయిన తెలుగువారి సంతానము మన బంధువులవంటివారు. అక్కడ 1953 నాటి ప్రత్యేక వసతుల చట్టము క్రింద సముద్రపుటొడ్డు చర్మపు రంగునుబట్టి పంచబడినది. డర్బనులో ఏ అలలో ఎవరు మునుగవలెనో బల్లపలకలు చెప్పెను. 1989 నవంబరులో తీరములు అందరికి తెరువబడినవి. 1990లో ఆ చట్టమే రద్దైనది. ఆ బల్లపలకలను నేడు ఎవరును సమర్థింపరు. అమెరికాలోని కాలిఫోర్నియాలో మరియొక రీతి. ఒక ధనవంతుడు 2008లో శాన్ మతేయో జిల్లాలో తీరమునకు చేరు భూమిని కొని, తరతరములుగా జనులు వాడుకొన్న బాటకు గేటు మూయించినాడు. తీరరక్షణ చట్టము క్రింద అనుమతి లేనిదే అట్లు మూయరాదని 2017లో అక్కడి న్యాయస్థానము చెప్పినది. 2018లో దేశపు అత్యున్నత న్యాయస్థానము అతని విన్నపమును విచారణకు స్వీకరింపలేదు. ఒక చోట రంగు, ఒక చోట ధనము. మూసిన గేటు ముందు నిలిచిన బాలునికి రెండింటి భేదము ఎంత?

మన రామభజనములలో పాడుకొను కథలో కూడ ఈ ప్రశ్న కలదు. శ్రీరాముడు సముద్రమునకు త్రోవ అడిగినాడు. బాణము ఎక్కుపెట్టి అడుగలేదు. దర్భలమీద శయనించి మూడు రాత్రులు ప్రార్థించినాడు. సముద్రుడు పలుకలేదు. అప్పుడు ధనుస్సు చేపట్టినాడు. సముద్రుడు వచ్చి శరణు వేడి, వారధి కట్టు ఉపాయమును చెప్పినాడు. రాముడు వెంటనే కోపము విడిచి పనికి పూనుకొన్నాడు. ఇందులో నాకు మూడు పాఠములు కనబడుచున్నవి. త్రోవను మొదట వినయముతో అడుగవలెను. వినయమును చేతగానితనమని తలచినవానికి దృఢత్వము చూపవలెను. దారి ఒప్పుకొన్న పిదప పగ విడిచి, దానిని మన శ్రమతో కట్టుకొని కాపాడుకొనవలెను. మొదటి మెట్టు దాటి రెండవదానికి పోరాదు, రెండవదానివద్ద ఆగిపోరాదు.

2020 జూలై 25న వకాషియో అను ఓడ పోయింత్ దెస్నీ వద్ద పగడపు దిబ్బకు తగులుకొన్నది. ఆగస్టు 6వ తేదీన దానినుండి నూనె కారుట మొదలైనది. సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రములో కలిసినది. ఆ దినములు మనమెవ్వరము మరువలేము. మాయెబూర్ తీరమున వేలాది జనులు చేరి, చెరకు ఆకును గోనెగుడ్డలలో కుట్టి, ఖాళీ సీసాలు కట్టి, నూనెను అడ్డగించు తెప్పలు చేసినారు. జాలరులు, విద్యార్థులు, ముసలమ్మలు, మౌల్వీలు, పూజారులు మోకాలిలోతు నల్లని నూనెలో నిలిచినారు. బంగళాలవారు కూడ వచ్చినారు. ఆ తీరమున బంగళాలు వరుసగా ఉన్నవి. ఆ దినమున ఎవరును ఇది నా ఇసుక, నీవు రావలదు అనలేదు. కష్టకాలమున తీరము అందరిదైనది. కష్టము తీరిన పిదప కొందరిదే అగునా? కాపాడు బాధ్యత అందరిదైన వస్తువునందు ప్రవేశించు హక్కు కూడ అందరిదే కావలెను. బాధ్యతను పంచి, హక్కును దాచుకొనుట ధర్మము కాదు.

అందుకే ఈ వాదము మనమీదికి కూడ తిరుగవలెను. మనలో నేడు వైద్యులు, న్యాయవాదులు, వర్తకులు ఉన్నారు. కొందరికి తీరమున బంగళాలు కలవు, కొందరికి పెద్ద స్థలములు కలవు. మన గేటు ముందునకు ఒక జాలరి వల భుజమున వేసికొని వచ్చినప్పుడు మనము ఏమి చేయుచున్నాము? ఒక క్రియోల్ కుటుంబము ఈస్టర్ సెలవులలో డేరా వేయుటకు వచ్చినప్పుడు మన ముఖము ఎట్లుండును? కార్తిక స్నానమునకు త్రోవ కావలెనని మనము అడిగినచో, అదే త్రోవను ఇతరుల పండుగకు, వారి వేటకు, ఏ పండుగయు లేని సామాన్యపు ఆదివారమునకు కూడ ఒప్పుకొనవలెను. మన జాతివారికి మాత్రమే తెరచిన తలుపు హక్కు కాదు, దయ మాత్రమే.

చేయవలసినవి పెద్ద పనులు కావు. ప్రతి తీరగ్రామములో పాత దారులు తెలిసిన వృద్ధులు ఇంకను ఉన్నారు. వారిని అడిగి ఆ దారులను మన యువకులు వ్రాసిపెట్టవలెను. నడవని దారిమీద గడ్డి మొలచును, గడ్డి మొలచిన చోట కంచె మొలచును. కనుక సంవత్సరములో కొన్ని సార్లైనను ఆ దారులవెంట నడవవలెను. కౌళ్లు ఇచ్చునప్పుడు, తిరిగి పొడిగించునప్పుడు, ప్రజల త్రోవను షరతుగా వ్రాయవలెనని గ్రామసభలద్వారా, జిల్లా సభలద్వారా కోరవలెను. ప్రజల తీరముల సంరక్షణకు 2002 చట్టముచే ఏర్పడిన తీరప్రాధికార సంస్థ కలదు. దారి మూయబడినచో కోపముతో గేటు విరుగగొట్టక, సంతకములతో విన్నపము పంపవలెను. 1871లో మన పూర్వులు చూపిన మార్గము అదియే. అన్నిటికంటె ముందు, స్నానము చేసి తిరిగి వచ్చునప్పుడు మనము తెచ్చిన చెత్తను మనమే కొనిపోవలెను. గణేశ నిమజ్జనమునకు రంగులు పూయని మట్టి ప్రతిమలనే వాడవలెను. శుభ్రమైన ఇసుక మన పక్షమున సాక్ష్యము చెప్పును.

రాబోవు కార్తిక పౌర్ణమికి మీరు మీ మనుమలతో సముద్రమునకు పోవునప్పుడు, వారికి నీటిని మాత్రమే కాక, నీటికి పోవు సందును కూడ చూపుడు. దాని పేరు చెప్పుడు, అది ఎక్కడ మొదలై ఎక్కడ తీరమును చేరునో చెప్పుడు. వారు పెద్దవారైనప్పుడు ఆ సందు అక్కడ ఉన్నదో లేదో వెదకికొనుటకు ఆ జ్ఞాపకము పనికివచ్చును. మన ఆలయములు, మన భజన మందిరములు, మన భాష తరగతులు ఎట్లు వర్ధిల్లుచున్నవో, అట్లే మన ద్వీపపు తీరములు కూడ సకల జనులకు తెరచియుండి వర్ధిల్లుగాక అని భగవంతుని ప్రార్థించుచున్నాను.